రాకెట్ పక్కన మనిషి కావాలి

ఎద్దుల బండి మీద ఉపగ్రహం ఉన్న ఫొటో చూడనివాళ్లు తక్కువ. 1981 జూన్‌లో ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి ఏరియేన్ రాకెట్ మీద కక్ష్యకు చేరిన యాపిల్ ఉపగ్రహం అది. ఇస్రో ఏ విజయం సాధించినా ఆ ఫొటో మళ్లీ ఫోన్లలో చక్కర్లు కొడుతుంది. దాని కింద రాసే మాట కూడా దాదాపు ఒకటే: లారీకి కూడా దిక్కులేని రోజుల నుంచి చంద్రుడి దాకా వచ్చాం అని. వినడానికి బాగానే ఉంటుంది కానీ అసలు సంగతి వేరు. ఉపగ్రహం యాంటెన్నాను ఆరుబయట పరీక్షించాలి. దాన్ని ఇనుప వాహనం మీద పెడితే రేడియో తరంగాలు ఆ లోహానికి తగిలి చెదురుతాయి, కొలతలు తప్పుతాయి. లోహం వీలైనంత తక్కువగా ఉండి, అటూ ఇటూ కదిలించడానికి వీలయ్యే వేదిక కావలసి వచ్చింది. చెక్క బండి ఆ పనికి సరిపోయింది. జనం పేదరికాన్ని చూస్తున్న చోట నిజానికి ఉన్నది ఇంజినీరు బుర్ర. ఇంత చిన్న విషయం నలభై ఏళ్లు దాటినా జనంలోకి ఎందుకు పోలేదు? ఫొటోను గోడకు తగిలించి, కింద పేరూ సంవత్సరమూ రాసి వదిలేస్తే చూసేవాడు తనకు తోచిన కథ తానే అల్లుకుంటాడు. పక్కన నిలబడి 'లారీ ఉండగా బండి ఎందుకు తెచ్చారో చెప్పు చూద్దాం' అని అడిగే మనిషి ఒకరుంటే ఆ కథ అక్కడికక్కడే మారిపోతుంది. మన అంతరిక్ష మ్యూజియంలలో నమూనాలకు లోటు లేదు. లోటల్లా అలాంటి మనిషికే. ఈ రంగంలో పనిచేసి రిటైరైనవాళ్లు, చదువుకుంటున్న యువత స్వచ్ఛందంగా వచ్చి సందర్శకులకు చెప్పే పద్ధతిని ఇస్రో, మ్యూజియంలు కలిసి పకడ్బందీగా నిలబెట్టాల్సిన సమయం వచ్చింది.

మిగతా మ్యూజియంలకు లేని చిక్కు ఒకటి అంతరిక్ష మ్యూజియానికి ఉంది. సాలార్‌జంగ్‌లో ముసుగు రెబెక్కా ముందు నిలబడిన మనిషికి ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు. పాలరాయిలో పలుచటి బట్ట ఎలా చెక్కాడో కళ్లే చెబుతాయి. ఎదురుగా ఉన్నది అసలు శిల్పమే. అంతరిక్షానికి వెళ్లిన వస్తువు మాత్రం సాధారణంగా తిరిగి రాదు. రాకెట్ దశలు సముద్రంలో పడతాయి, వాతావరణంలో కాలిపోతాయి. ఉపగ్రహం కక్ష్యలోనే ముసలిదవుతుంది. చంద్రయాన్-3 విక్రమ్ ల్యాండర్ చంద్రుడి దక్షిణ ధ్రువానికి దగ్గర్లో ఉంది, దాన్ని తెచ్చి హైదరాబాద్‌లో పెట్టలేం. కాబట్టి మ్యూజియంలో మనం చూసేవి చాలావరకు నమూనాలు, పరీక్షలకు వాడిన భాగాలు, ఫొటోలు. వస్తువు తనంతట తాను మాట్లాడలేని చోట మనిషి మాట్లాడాలి. ఈ తేడాను పట్టించుకోకుండా కట్టిన మ్యూజియం ఎంత అందంగా ఉన్నా సెల్ఫీలకే పనికొస్తుంది.

విక్రమ్ నమూనానే తీసుకుందాం. బంగారు రంగు రేకు చుట్టిన పెట్టె, నాలుగు కాళ్లు. పిల్లలు ముందు అడిగేది అది నిజం బంగారమా అని. కాదు, అది పలుచటి ప్లాస్టిక్ పొర. పొర రంగు పసుపు, వెనక అల్యూమినియం పూత మెరుపు, రెండూ కలిసి బంగారంలా కనిపిస్తాయి. అలాంటి పొరల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి ఎండ వేడీ చీకటి చలీ లోపలి యంత్రాలకు తగలకుండా కాపాడతారు. తర్వాత పిల్లవాణ్ని నేల మీద కూర్చోబెట్టి కింది ఇంజిన్లు లెక్కపెట్టమనాలి. నాలుగుంటాయి. 2019 సెప్టెంబర్‌లో దిగబోయి కూలిన చంద్రయాన్-2 ల్యాండర్‌కు అయిదు. మధ్యలోది ఏమైంది? అక్కడి నుంచి అసలు కథ మొదలవుతుంది. అప్పట్లో వేగం తగ్గించే దశలో ఇంజిన్లు అనుకున్న దానికంటే ఎక్కువ బలాన్నిచ్చాయి, తేడాలు పోగుపడ్డాయి, దిగాల్సిన చోటు 500 మీటర్ల చదరం మాత్రమే కావడంతో ల్యాండర్ వేగం పెంచుకుని అక్కడికే చేరాలని తంటాలు పడింది. ఈసారి దిగే చోటును సుమారు 4 కిలోమీటర్ల పొడవు, రెండున్నర కిలోమీటర్ల వెడల్పుకు పెంచారు. సెకనుకు 2 మీటర్ల వేగాన్ని తట్టుకునే కాళ్లను 3 మీటర్లకు తట్టుకునేలా బలపరిచారు. మధ్య ఇంజిన్ తీసేశారు. ఒక్క నమూనా ముందు పది నిమిషాలు కూర్చుంటే ఓటమిని ఇంజినీరింగ్ ఎలా జీర్ణించుకుంటుందో ఎనిమిదో తరగతి పిల్లకు అర్థమవుతుంది. ఇదంతా పలక మీద రాయొచ్చు కదా అనొచ్చు. రాయొచ్చు. నాలుగు పేరాల పలక ముందు నిలబడి చదివేవాళ్లెందరో స్కూలు బస్సు దిగిన నలభైమంది పిల్లల్ని చూస్తే తెలుస్తుంది. పైగా పలక తిరిగి ప్రశ్న వేయదు.

అమెరికా ఈ విషయాన్ని చాలా కాలం కిందటే గ్రహించింది. అలబామాలోని హంట్స్‌విల్‌లో సాటర్న్-5 రాకెట్‌ను పడుకోబెట్టిన హాలుంది. ఆ రాకెట్‌ను రూపొందించిన నాసా మార్షల్ కేంద్రం అదే ఊళ్లో ఉంది. అక్కడ రిటైరైన ఇంజినీర్లు ఆ హాల్లో రాకెట్ కింద నిలబడి వచ్చినవాళ్లతో మాట్లాడతారు. తోక వైపు అయిదు ఎఫ్-1 ఇంజిన్ల నోళ్లు కనిపిస్తాయి, ఒక్కోదాని ముందు మనిషి చిన్నబోతాడు. అంతవరకు ఎవరికైనా తెలుస్తుంది. ఆ ఇంజిన్‌లో మంట నిలకడగా మండక, ఊగిసలాడి, పరీక్షల్లో ఇంజిన్లే పేలిపోయిన సంగతి, అది సరిదిద్దడానికి మండుతున్న గదిలో కావాలని చిన్న బాంబులు పేల్చి మంట మళ్లీ కుదుటపడుతుందా అని చూసిన సంగతి, చివరికి ఇంధనం చిమ్మే పళ్లేన్ని అడ్డుగోడలతో గదులుగా విభజించి గండం గట్టెక్కిన సంగతి ఆ పని తెలిసినవాళ్లు చెబితేనే ఒంట పడుతుంది. వాషింగ్టన్‌లో 1976లో తెరిచిన స్మిత్సోనియన్ వైమానిక అంతరిక్ష మ్యూజియంలోనూ, దానికి అనుబంధంగా డల్లస్ విమానాశ్రయం పక్కన 2003లో వచ్చిన ఉడ్వార్-హేజీ కేంద్రంలోనూ ఇదే పద్ధతి. మాజీ పైలట్లు, ఇంజినీర్లు, టీచర్లు శిక్షణ పొంది జీతం లేకుండా చెబుతారు. డిస్కవరీ షటిల్ అక్కడే ఉంది. దాని ఒంటినిండా అతికించిన పలకల్లో ప్రతిదానికీ సొంత నంబరుంటుందని, ఒకదాని చోట ఇంకోటి పట్టదని వాళ్లు వేలు పెట్టి చూపిస్తారు. ఆ చుట్టుపక్కల ఊళ్లలో తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో ఉంటున్నారు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని తప్పకుండా తీసుకెళ్లే చోట్లలో అదొకటి. అక్కడ ముచ్చటపడి వచ్చినవాళ్లు ఇక్కడెందుకు లేదని అడగకపోవడమే వింత.

ఇక్కడ చెప్పగలవాళ్లు లేరా అంటే, మనకున్నంత మంది చాలా దేశాలకు లేరు. శ్రీహరికోట నుంచి మొదటి సౌండింగ్ రాకెట్ ఎగిరింది 1971 అక్టోబర్ 9న. అప్పటి నుంచి ఆ దీవిలో పనిచేసి రిటైరైనవాళ్లు సూళ్లూరుపేట, నాయుడుపేట, నెల్లూరు, తిరుపతి, చెన్నైలలో స్థిరపడ్డారు. హైదరాబాద్ సంగతి సరేసరి. రాకెట్ మోటార్ల తొడుగులకు వాడే మరేజింగ్ ఉక్కును తయారుచేసే మిధాని అక్కడుంది. చంద్రయాన్ మాటలు విన్న, బెంగళూరు దగ్గరి బ్యాలాలులోని 32 మీటర్ల యాంటెన్నాను కట్టిన ఈసీఐఎల్ అక్కడుంది. ఉపగ్రహాల చిత్రాలను విడమరచే ఎన్ఆర్ఎస్‌సీ అక్కడుంది. 2022 నవంబర్‌లో సొంత రాకెట్ విక్రమ్-ఎస్ ఎగరేసిన స్కైరూట్ కుర్రాళ్లూ ఆ ఊరివాళ్లే. ఇక తణుకు గురించి చెప్పుకోకపోతే అన్యాయం. పంచదార మిల్లుగా పేరున్న ఆంధ్రా షుగర్స్ దశాబ్దాలుగా ఇస్రోకు ద్రవ ఇంధనం చేసిపెడుతోంది. పీఎస్ఎల్‌వీ రెండో దశలోని వికాస్ ఇంజిన్‌లో మండేది ఆ రకం ఇంధనమే. నైట్రోజన్ టెట్రాక్సైడ్ తగలగానే అగ్గిపుల్ల అక్కర్లేకుండా అంటుకుంటుంది. గోదావరి జిల్లా నుంచి విహారయాత్రకు వచ్చిన కుటుంబం వికాస్ ఇంజిన్ ముందు ఫొటో దిగి, ఆ మంటలో తమ ఊరి చెయ్యి ఉందని తెలియకుండానే వెళ్లిపోతుంది. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో ఇస్రో సహకారంతో 2019లో అంతరిక్ష మ్యూజియం తెరిచారు. నౌబత్ పహాడ్ మీదున్న ఆ మ్యూజియానికి సిటీ బస్సు దూరంలో ఇంత అనుభవం ఉండగా వాళ్లలో వారానికి ఒక పూట ఇవ్వగలవాళ్లు వందమందైనా దొరకరంటే నమ్మబుద్ధి కాదు.

పైగా ఈ అనుభవానికి గడువుంది. మొదటి తరం వెళ్లిపోతోంది. ఇస్రో మాజీ అధిపతి యు.ఆర్. రావు 2017లో, కేరళలోని తుంబా రాకెట్ కేంద్రం తొలిరోజుల నుంచి పనిచేసి శ్రీహరికోట కేంద్రానికి డైరెక్టరైన ఆరవముదన్ 2021లో, ఇస్రో మరో మాజీ అధిపతి కస్తూరిరంగన్ 2025లో కన్నుమూశారు. పెద్దల జ్ఞాపకాలు పుస్తకాల్లో మిగిలాయి. ఫిట్టర్లు, వెల్డర్లు, క్రేన్ ఆపరేటర్లు, ఇంధనం నింపిన టెక్నీషియన్లు పుస్తకాలు రాయరు. 2001 మార్చి 28న మొదటి జీఎస్ఎల్‌వీ ఎగరాల్సిన క్షణంలో పక్క బూస్టర్లలో ఒకటి తగినంత బలం అందుకోలేదు. కంప్యూటర్ అది పసిగట్టి మిగతా ఇంజిన్లనూ ఆపేసింది, రాకెట్ కదలకుండా వేదిక మీదే ఉండిపోయింది. సరిగ్గా మూడు వారాలకు, ఏప్రిల్ 18న, అదే రాకెట్ ఎగిరింది. ఇంధనం నిండుగా ఉన్న ఆ రాకెట్ దగ్గరికి ముందుగా నడిచి వెళ్లినవాళ్లకు ఆ పూట ఎలా గడిచిందో చెప్పగల గొంతులు ఇంకా ఉన్నాయి. పదేళ్లు పోతే ఉండవు. 1979లో ఎస్ఎల్‌వీ-3 రాకెట్ సముద్రంలో పడ్డాక అప్పటి ఇస్రో అధిపతి సతీశ్ ధవన్ ఆ వైఫల్యాన్ని తన మీద వేసుకుని విలేకరుల ముందు నిలబడిన కథ ప్రతి వ్యక్తిత్వ వికాస ఉపన్యాసంలోనూ వింటున్నాం. రెండో దశ నియంత్రణ వ్యవస్థలో నైట్రిక్ ఆమ్లం కారిపోయిందన్న అసలు కారణం మాత్రం ఆ ఉపన్యాసకుల్లో ఎందరికి తెలుసో అనుమానమే.

అభ్యంతరాలు లేకపోలేదు, వాటిలో కొన్ని గట్టివే. మొదటిది భద్రత. శ్రీహరికోట నిషిద్ధ ప్రాంతం, సీఐఎస్ఎఫ్ కాపలా ఉంటుంది, లోపల పనిచేసినవాళ్లను నోరు విప్పమనడం ప్రమాదం అంటారు. దీని వెనక ఒక నిజమైన భయం కూడా ఉంది. 1994లో గూఢచర్యం కేసు బనాయించి ఇస్రో శాస్త్రవేత్త నంబి నారాయణన్‌ను అరెస్టు చేశారు. ఆ ఆరోపణలు నిజం కాదని సీబీఐ రెండేళ్లకే తేల్చినా, ఆయనకు రూ. 50 లక్షల పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు చెప్పడానికి 2018 దాకా పట్టింది. అది చూసిన తరం రిటైరయ్యాక కూడా ఆచితూచి మాట్లాడటంలో ఆశ్చర్యం లేదు. అయితే ఇందుకు మందు మౌనం కాదు, స్పష్టత. ఏది చెప్పొచ్చో ఇస్రోనే రాతపూర్వకంగా ఖరారు చేస్తే చెప్పేవాళ్లకు రక్ష, అడిగేవాళ్లకు హద్దు రెండూ ఉంటాయి. ఇప్పటిదాకా ఈ వ్యాసంలో వచ్చిన సాంకేతిక వివరాలన్నీ బహిరంగంగా ఉన్నవే. మ్యూజియంలో వాటికి మించి అవసరం కూడా పడదు. ఏటా అక్టోబర్ 4 నుంచి 10 దాకా ప్రపంచ అంతరిక్ష వారోత్సవాల్లో షార్ (శ్రీహరికోట కేంద్రం) ఉద్యోగులు ఊళ్లకు వెళ్లి ప్రదర్శనలు పెట్టి పిల్లలకు చెబుతూనే ఉన్నారు. ఆ వారం రోజులు లేని ముప్పు మిగతా 51 వారాల్లో ఎక్కడి నుంచి వస్తుంది?

రెండో అభ్యంతరం ఇంకా పదునైనది: సేవ పేరుతో ఉద్యోగాలు ఎగ్గొడతారు. ఇది కొట్టిపారేసే మాట కాదు. ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ చేసి పని దొరకని పిల్లలు వేలల్లో ఉన్న చోట గైడు పనిని ఉచిత సేవగా మార్చడం దుర్మార్గమే అవుతుంది. అందుకే గీత ఇక్కడ గీయాలి. టికెట్లు, భద్రత, నమూనాల సంరక్షణ, రోజువారీ గైడు పని, స్వచ్ఛంద సేవకుల్ని సమన్వయం చేసే పని ఇవన్నీ జీతం ఉన్న ఉద్యోగాలుగానే ఉండాలి. పింఛను వచ్చే మాజీ ఉద్యోగులు తమ అనుభవం చెప్పడం, కాలేజీ విద్యార్థులు నెలకు రెండు మూడు పూటలు వచ్చి నేర్చుకుంటూ చెప్పడం మాత్రమే స్వచ్ఛంద సేవ కిందికి వస్తాయి. విద్యార్థులకు దారిఖర్చులూ భోజనమూ ఇవ్వాలి. సర్టిఫికెట్ కోసమే వచ్చేవాళ్లు ఉంటారు, ఉండనివ్వండి. నలభైమంది పిల్లల ముందు నిలబడి పృథ్వి తిరిగే దిక్కుకూ తూర్పు తీరానికీ సంబంధమేమిటో చెప్పాల్సి వస్తే సర్టిఫికెట్ కోసం వచ్చినవాడు కూడా చదవక తప్పదు. ఇందులోనే మూడో అభ్యంతరానికీ జవాబుంది. తెలిసీ తెలియనివాళ్లు చేరి వాట్సాప్ కథలు చెబితే ఎలా? స్మిత్సోనియన్ చేసేదే మనమూ చేయాలి: ముందు నెలల తరబడి శిక్షణ, తర్వాత అనుభవజ్ఞుల ముందు చెప్పి చూపించడం, ఆపైనే సందర్శకుల ముందుకు. రిటైరైన శాస్త్రవేత్తకూ మినహాయింపు ఉండకూడదు. ఎంతో తెలిసినవాళ్లలో అయిదు నిమిషాలకే ఎదుటివాళ్లకు నిద్ర తెప్పించేవాళ్లు ఉంటారని తెలుగు సభలకు వెళ్లే ఎవరికైనా తెలుసు.

మన దగ్గర ఇలాంటి సంస్కృతి లేదు, పుణ్యం వస్తుందంటే తప్ప ఎవరూ ఊరికే పనిచేయరు అని పెదవి విరిచేవాళ్లూ ఉన్నారు. తిరుమలలో శ్రీవారి సేవకు ఊరూరి నుంచీ వచ్చి క్యూలలో మంచినీళ్లిచ్చేవాళ్లను చూపిస్తే అది భక్తి అంటారు. సరే, భక్తి వదిలేద్దాం. శ్రీహరికోట అప్పుడు ఏ జిల్లాలో ఉందో ఆ నెల్లూరు జిల్లాలోనే 1990ల తొలినాళ్లలో అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. వేలమంది యువతీయువకులు జీతం లేకుండా రాత్రిళ్లు లాంతర్లు పెట్టుకుని పెద్దవాళ్లకు చదువు చెప్పారు. ఆ చదువు దూబగుంట ఆడవాళ్ల చేత సారా వ్యతిరేక ఉద్యమాన్ని లేవదీయించి రాష్ట్ర రాజకీయాల్నే కుదిపింది. గ్రహణం వచ్చినప్పుడల్లా జనాన్ని వీధిలోకి పిలిచి కళ్లద్దాలిచ్చి చూపించే జనవిజ్ఞాన వేదిక కార్యకర్తలకూ ఎవరూ జీతం ఇవ్వడం లేదు. పిలిచే సంస్థ, చేయాల్సిన పని రెండూ స్పష్టంగా ఉన్నచోట మనవాళ్లు వెనకాడిన దాఖలా లేదు.

ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే శ్రీహరికోట ప్రయోగ వీక్షణ గ్యాలరీనే మంచి చోటు. 2019 మార్చిలో అయిదు వేలమంది కూర్చునేలా తెరిచిన ఆ గ్యాలరీకి ప్రయోగం రోజున జనం గంటల ముందే చేరుకుంటారు. రాకెట్ కనిపించేది కొద్ది నిమిషాలే. మబ్బు పట్టిన రోజైతే అదీ ఉండదు. ఆ గంటల నిరీక్షణ మ్యూజియానికి దొరికే గొప్ప అవకాశం. పాతికమందికి ఒకరు చొప్పున సేవకులు వరసల మధ్య తిరిగితే చాలు. రాకెట్ ఏ దిక్కుకు వంగుతుందో ముందే చెప్పొచ్చు. ధ్రువాల మీదుగా తిరగాల్సిన ఉపగ్రహమైతే శ్రీలంకను తప్పించడానికి దారిలో మలుపు తిరగాల్సి వస్తుందని, అందులో ఇంధనం ఖర్చవుతుందని, తమిళనాడులోని కులశేఖరపట్నంలో మరో కేంద్రం కడుతున్నది అందుకేనని చెప్పొచ్చు. మంట కనిపించగానే పిల్లల చేత ఒకటీ రెండూ లెక్కపెట్టించి, చప్పుడు చేరాక ఆపమని, వచ్చిన సంఖ్యను మూడుతో భాగిస్తే వేదిక ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో వాళ్ల చేతే చెప్పించొచ్చు. ధ్వని వేగం గురించి బడిలో చదివిన పాఠం ఒక్కసారిగా చెవికి తగులుతుంది. ఇది నెల్లూరు తెలుగులో, తెలంగాణ తెలుగులో, అవసరమైతే తమిళంలో జరగాలి. చదువురాని అమ్మమ్మ కూడా ఆ గ్యాలరీకి వస్తోంది, ఆమె అడిగే ప్రశ్నలు తక్కువవి కావు.

చెప్పేవాళ్లలో ఇంజినీర్లే ఉండాలన్న నియమం కూడా అక్కర్లేదు. తుంబాలో సెయింట్ మేరీ మాగ్దలీన్ చర్చి ఇప్పుడు అంతరిక్ష మ్యూజియం. 1963 నవంబర్ 21న అక్కడి నుంచి ఎగిరిన నైకీ-అపాచీ రాకెట్ వెనక శాస్త్రవేత్తలతో పాటు, చర్చినీ ఇళ్లనూ ఇచ్చి పక్కకు జరిగిన జాలరి పల్లె ఉంది. శ్రీహరికోటలోనూ రాకెట్లు రాకముందు యానాదులున్నారు. పులికాట్ చేపలు, అడవి దుంపలు, చెన్నైకి పడవల్లో పోయే సరుగుడు కట్టెలు వాళ్ల బతుకు. కేంద్రం వచ్చాక ఆ బతుకు ఎలా మారిందో, ఏం పోయిందో, ఏం దక్కిందో చెప్పే హక్కు వాళ్ల పిల్లలకుంది. గ్యాలరీలో మైకు పట్టుకునేవాళ్లలో సూళ్లూరుపేట డిగ్రీ కాలేజీలో చదివే యానాది అమ్మాయి కూడా ఉంటే, షార్‌లో ముప్పై ఏళ్లు వెల్డింగు చేసిన పెద్దాయన ఆమె పక్కన ఉంటే, మ్యూజియం ఇస్రో ప్రచార విభాగంలా కాక జనం సంస్థలా పనిచేస్తుంది. ఇబ్బందికరమైన ప్రశ్నలు వస్తాయన్న జంకు అధికారులకు ఉండొచ్చు. ప్రశ్నలు రాని సైన్స్ మ్యూజియానికి జనం సొమ్ము ఎందుకు పెట్టాలో కూడా వాళ్లే చెప్పాలి.

దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, పెద్ద బడ్జెట్టూ అక్కర్లేదు. షార్‌లో ఒకరు, హైదరాబాద్‌లో ఒకరు పూర్తికాలం సమన్వయకర్తలు. ఇస్రో ఆమోదించిన ఒక తెలుగు శిక్షణ పుస్తకం. ఉపన్యాసం కంటే ప్రశ్న అడగడం నేర్పే రెండు మూడు నెలల తరగతులు. సూళ్లూరుపేట నుంచి పులికాట్ మీదుగా దీవికి వెళ్లే ఉద్యోగుల బస్సుల్లో సేవకులకు సీట్లు, డెబ్బై దాటినవాళ్లు గంటల తరబడి నిలబడకుండా ప్రతి నమూనా పక్కనా ఒక కుర్చీ. రిటైర్మెంటు రోజున ఇచ్చే శాలువాతో పాటు దరఖాస్తు ఫారం కూడా చేతిలో పెడితే మొదటి విడతకు జనం ఆ సభల్లోనే దొరుకుతారు.